సబ్బు మీద నారింజ మచ్చలు, కనరు వాసన: గొడవ సబ్బుది కాదు, నూనెది

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. విశాఖపట్నంలో ఉంటున్నారు. ఫిబ్రవరిలో ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ (బయటి వేడి లేకుండా నూనెల్లో కాస్టిక్ సోడా ద్రావణం కలిపే) పద్ధతిలో సబ్బు చేశారు. కిలో నూనెల్లో కొబ్బరి 300 గ్రాములు, రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ 400, రైస్ బ్రాన్ 200, ఆముదం 100. చర్మానికి మెత్తగా ఉంటుందని సూపర్‌ఫ్యాట్ (సబ్బు కాకుండా మిగిలేలా వదిలే నూనె) 10 శాతం పెట్టారు. బోరు నీళ్లు వాడారు. చెడిపోకుండా మెడికల్ షాపులో దొరికే విటమిన్ ఇ క్యాప్సూల్స్ నాలుగు కత్తిరించి పోశారు. ఇనుప జాలీ మీద ఆరబెట్టారు. జూలై వచ్చేసరికి నారింజ రంగు మచ్చలు, పాత నూనె వాసన. ఇది బూజా, వాడొచ్చా, కరిగించి మళ్లీ పోయొచ్చా, అదే డబ్బాలో మిగిలిన నూనె బాగానే ఉంటే సబ్బు మాత్రం ఎందుకు పాడైంది అన్నవి మీ సందేహాలు.

నేను కాకినాడ వైపు ఒక నూనె శుద్ధి కర్మాగారం ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇంట్లో సబ్బులు చేయడం ఆ తర్వాత పట్టుకున్న పిచ్చి. అందుకని నా జవాబు సబ్బు కంటే నూనె గురించే ఎక్కువ ఉంటుంది. అసలు కథంతా అక్కడే ఉంది మరి.

ముందు ఆ మచ్చలు నిజంగా అవేనా అని తేల్చుకోండి. సబ్బు మీద రంగు మచ్చ కనిపించగానే అందరూ కనరు పట్టిందనే అనుకుంటారు. పసుపు వేసిన సబ్బులో పొడి ఎక్కడైనా ఉండకట్టి ఉంటే క్షారం తగిలి ఎర్రగా, నారింజగా మారుతుంది. ఆ చుక్క పొడిగా ఉంటుంది, వాసన ఉండదు, రోజులు గడిచేకొద్దీ పెరగదు. ఇనుప జాలీ తుప్పు అయితే సబ్బు జాలీని ఆనిన గీతల వెంబడే కనిపిస్తుంది. వానాకాలంలో సబ్బు మీద నీటి బిందువులు పట్టడం వేరే సంగతి. సబ్బులో సహజంగా ఉండే గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది, తుడిస్తే పోతుంది. బూజు అయితే నూగుగా పైకి లేస్తుంది, కానీ మంచి సబ్బుకు ఉండే క్షార గుణంలో బూజు పట్టడం అరుదు. కనరు మచ్చ మాత్రం ముట్టుకుంటే కాస్త జిగురుగా ఉంటుంది, వారం వారం చుట్టూ వ్యాపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత అప్పడాల డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. మీరు చెప్పిన వాసనను బట్టి చూస్తే మీది ఇదే. ఇంగ్లిష్‌లో సబ్బు చేసేవాళ్లు దీన్ని డి.ఓ.ఎస్. అని పొట్టిగా అంటారు, భయపెట్టే నారింజ మచ్చలని అర్థం. ఎక్కడైనా ఆ మూడక్షరాలు కనిపిస్తే తికమక పడకండి.

నూనె చెడడంలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి తేమ వల్ల. నూనె అంటే గ్లిజరిన్‌కు అతుక్కుని ఉన్న కొవ్వు ఆమ్లాలు. నీళ్లు, గింజలోనో కొబ్బరిలోనో ఉండే ఎంజైములు కలిసి ఆ అతుకును విడదీస్తే ఆమ్లాలు విడిగా బయటికొస్తాయి. కొబ్బరిలో ఉండే చిన్న ఆమ్లాలకు ఘాటైన వాసన, రుచి ఎక్కువ. పాతబడిన కొబ్బరి పొడితో చేసిన పచ్చడి తింటే నోట్లో సబ్బు రుచి తగిలేది ఇందుకే. కొబ్బరి పాలు కాచి ఇంట్లో తీసిన నూనె త్వరగా పాడయ్యేది కూడా తేమ, పాల మడ్డి అడుగున మిగిలిపోవడం వల్లే. కోనసీమలో కొబ్బరి వ్యాపారం చేసేవాళ్లు కురిడీ ఎంత బాగా ఎండిందో విరిచి చూసి మరీ కొనడంలో ఈ లెక్క కూడా ఉంది.

రెండో దారి ఆక్సిజన్ వల్ల. సబ్బును పాడుచేసేది ప్రధానంగా ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఓపిగ్గా చదవండి. కొవ్వు ఆమ్లం అంటే పొడవాటి కార్బన్ గొలుసు. కొన్ని గొలుసుల్లో కార్బన్ల మధ్య ద్విబంధాలు (జంట బంధాలు) ఉంటాయి, ఆక్సిజన్ దాడి చేసేది వాటి దగ్గరే. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా ద్విబంధాలు లేనివే, అందుకే అది తొందరగా చెడదు. ఒక ద్విబంధం ఉన్నది ఒలీయిక్ ఆమ్లం. వేరుశెనగ, ఆలివ్ నూనెల్లో ఇది ఎక్కువ. రెండు ఉన్నది లినోలిక్ ఆమ్లం. సన్‌ఫ్లవర్, కుసుమ, పత్తిగింజల నూనెల్లో ఇదే రాజు. మూడు ఉన్నది లినోలెనిక్, అవిసె నూనెలో సగానికి పైగా అదే. ఆక్సిజన్‌ను లాక్కునే వేగం ఒలీయిక్‌కు ఒకటి అనుకుంటే లినోలిక్‌కు సుమారు 10 నుంచి 12 రెట్లు, లినోలెనిక్‌కు ఇంకా దానికి రెట్టింపు. అవిసె నూనెను పెయింట్లలో, చెక్క పాలిష్‌లో వాడేది ఈ గుణం కోసమే. గాలి తగిలి అది గట్టి పొరగా ఆరిపోతుంది. పెయింటరుకు వరమైనది సబ్బు చేసేవారికి శాపం.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కాస్టిక్ సోడాతో కలిసి నూనె సబ్బుగా మారిపోయింది కదా, ఇంకా నూనె ఎక్కడుంది చెడడానికి అనుకుంటారు. కాస్టిక్ సోడా పని చేసేది గొలుసు చివర, గ్లిజరిన్‌కు అతుక్కున్న చోట. గొలుసు మధ్యలో ఉన్న ద్విబంధాల జోలికి అది పోదు. సన్‌ఫ్లవర్ నూనెలోని లినోలిక్ ఆమ్లం సబ్బయ్యాక సోడియం లినోలియేట్ అవుతుంది తప్ప దాని ద్విబంధాలు రెండూ అక్కడే ఉంటాయి, ఆక్సిజన్ కోసం అలాగే ఎదురుచూస్తాయి. కాబట్టి సూపర్‌ఫ్యాట్ సున్నా పెట్టినా సన్‌ఫ్లవర్ ఎక్కువున్న సబ్బుకు ఈ బెడద తప్పదు. సూపర్‌ఫ్యాట్ దాన్ని తొందర చేస్తుంది, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న, డబ్బాలో నూనె బాగుంది కదా అన్నది. 1820లో స్విస్ శాస్త్రవేత్త సోస్యూర్ అక్రోటు నూనెను నీటి మీద పలుచగా పరిచి గాలి ఎంత పీలుస్తుందో కొలిచాడు. మొదటి ఎనిమిది నెలల్లో అది పీల్చింది తన పరిమాణానికి మూడు రెట్లు మాత్రమే. ఆ తర్వాతి పది రోజుల్లో అరవై రెట్లు! నూనె చెడే తీరే ఇంత. చాలాకాలం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ నిశ్శబ్ద కాలంలో లోపల పెరాక్సైడ్లు (గొలుసుకు ఆక్సిజన్ అతుక్కుని తయారయ్యేవి) పోగవుతుంటాయి, వాటికి వాసన లేదు, రంగు లేదు. నూనెలో సహజంగా ఉన్న యాంటీ ఆక్సిడెంట్లు (ఆక్సిజన్ దాడిని అడ్డుకునేవి) ఒక్కొక్కటిగా ఖర్చవుతుంటాయి. అవి అయిపోయిన రోజు నుంచి ఒకటి చెడి పక్కదాన్ని చెడగొట్టే గొలుసు చర్య పట్టపగ్గాలు లేకుండా సాగి, పెరాక్సైడ్లు విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు పుడతాయి. మన ముక్కుకు తగిలే కనరు వాసన వాటిదే. అంటే వాసన వచ్చే సమయానికి కథ ముగింపులో ఉన్నట్టు.

మీ డబ్బాలో నూనె ఇంకా ఆ నిశ్శబ్ద కాలంలో ఉంది. పైగా రిఫైన్డ్ నూనెల్లో చాలా కంపెనీలు టి.బి.హెచ్.క్యు. అనే యాంటీ ఆక్సిడెంట్ కలుపుతాయి, డబ్బా మీద 319 అన్న సంఖ్య చూస్తే తెలుస్తుంది. మూత బిగించి ఉంది, గాలి తగిలే పైభాగం తక్కువ. సబ్బులోకి వెళ్లిన నూనె పరిస్థితి పూర్తిగా వేరు. కాస్టిక్ సోడా ఘాటుకు టోకోఫెరాల్ (విటమిన్ ఇ) లాంటి సహజ రక్షకులు, టి.బి.హెచ్.క్యు. కూడా చాలావరకు దెబ్బతింటాయి. బోరు నీళ్లలో నుంచి ఇనుము చేరింది. ఆరు వైపులా గాలి. విశాఖ ఉక్కపోత. డబ్బాలో ఏడాది పట్టే ప్రయాణం సబ్బులో అయిదు నెలల్లో ముగిసింది.

మీ రెసిపీలోకి వస్తే, లెక్క చాలా సులువు. సన్‌ఫ్లవర్‌లో లినోలిక్ సుమారు 60 శాతం, అంటే 240 గ్రాములు. రైస్ బ్రాన్‌లో మూడో వంతు, 66 గ్రాములు. కొబ్బరి, ఆముదం కలిపి ఓ 10 గ్రాములు. మొత్తం 316, అంటే 32 శాతం దగ్గర. సబ్బు చేసేవాళ్ల మధ్య నలిగిన సూత్రం ఏమిటంటే లినోలిక్, లినోలెనిక్ రెండూ కలిపి 15 శాతం దాటకూడదు. మీది దానికి రెండింతలు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క అంకె చూశాక మిగతావన్నీ చిన్న కారణాలే.

దీన్ని ఎలా దించాలి? సన్‌ఫ్లవర్ స్థానంలో పామోలిన్ 400, రైస్ బ్రాన్ స్థానంలో వేరుశెనగ నూనె 200 పెట్టి చూడండి. పామోలిన్‌లో లినోలిక్ 11 శాతం చొప్పున 44, వేరుశెనగలో 30 శాతం చొప్పున 60, మిగతావి 10. మొత్తం 114 గ్రాములు, పదకొండున్నర శాతం లోపే. పామాయిల్ అంటే కొందరికి ఇష్టం ఉండదు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అలాంటివారు ఇప్ప నూనె దొరికితే వాడుకోవచ్చు. ద్విబంధాలు లేని పాల్మిటిక్, స్టీరిక్ ఆమ్లాలు బాగా ఉండి గట్టి సబ్బునిస్తుంది. వాసన కాస్త మొండిది, ముందే చెప్తున్నాను. ఏ నూనె మార్చినా కాస్టిక్ సోడా లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి, పాత అంకెను వాడకండి. సన్‌ఫ్లవర్‌కూ పామోలిన్‌కూ కావలసిన కాస్టిక్ ఒకటి కాదు.

సూపర్‌ఫ్యాట్ 5 శాతం చాలు. 10 శాతం అంటే కిలోకు 100 గ్రాముల నూనె సబ్బు కాకుండా విడిగా మిగిలిపోవడం. ట్రేస్ (నూనెలు, కాస్టిక్ కలిసి మిశ్రమం చిక్కబడే దశ) వచ్చాక చివర్లో బాదం నూనెనో మరొకటో పోస్తే ఆ మంచి నూనే సూపర్‌ఫ్యాట్‌గా మిగులుతుందని చాలామంది నమ్ముతారు. కోల్డ్ ప్రాసెస్‌లో అలా జరగదు. ట్రేస్ సమయానికి కాస్టిక్ ఇంకా బోలెడు మిగిలే ఉంటుంది, అది ఏ నూనె ముందొచ్చింది ఏది వెనకొచ్చింది అని చూడదు. చివరికి మిగిలేది అన్నింటి మిశ్రమం. ఖరీదైన నూనె వృథా తప్ప ఉపయోగం లేదు. అయితే సూపర్‌ఫ్యాట్ ఎక్కువైతే ప్రతిసారీ సబ్బు చెడుతుందనీ కాదు. మొత్తం కొబ్బరి నూనెతో 20 శాతం సూపర్‌ఫ్యాట్ పెట్టి చేసిన సబ్బులు ఏడాది దాటినా చక్కగా ఉంటాయి. మిగిలిన నూనె కూడా కొబ్బరిదే కాబట్టి, అందులో ఆక్సిజన్‌కు దొరికేది తక్కువ. ఎంత మిగిలింది అన్నదానికంటే ఏది మిగిలింది అన్నది ముఖ్యం.

లోహాల సంగతి. రాగి, ఇనుము ఆనవాళ్లున్నా చాలు, పెరాక్సైడ్లను విరగ్గొట్టి గొలుసు చర్యను పరుగులు పెట్టిస్తాయి. కిలోకు మిల్లీగ్రాముల్లో ఉన్నా ప్రభావం కనిపిస్తుంది, రాగి అయితే అంతకంటే తక్కువకే. కాబట్టి రాగి, ఇత్తడి గిన్నెలు దగ్గరికి రానీయకండి. ఇనుప మూకుట్లో నూనె కరిగించకండి. అల్యూమినియం అసలే వద్దు, అది కాస్టిక్‌తో కలిసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది, ప్రమాదం. స్టీలు, మందపాటి ప్లాస్టిక్ మంచివి. ఆరబెట్టడానికి ఇనుప జాలీ బదులు ప్లాస్టిక్ బుట్టో, బటర్ పేపర్ పరిచిన చెక్క పలకో వాడండి. మీ మచ్చలు జాలీ ఆనిన వైపే ఎక్కువగా ఉన్నాయేమో ఒకసారి తిప్పి చూడండి.

నీళ్లు డిస్టిల్డ్ వాడండి. బ్యాటరీ వాటర్ పేరుతో బ్యాటరీ షాపుల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: బ్యాటరీ వాటర్, బ్యాటరీ యాసిడ్ ఒకే రకం క్యాన్లలో పక్కపక్కనే ఉంటాయి. యాసిడ్‌లో కాస్టిక్ పడితే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. అడిగి, చదివి, చూసి కొనండి. లేదంటే ఇంట్లో ఆర్.ఓ. నీళ్లయినా బోరు నీళ్ల కంటే ఎంతో నయం.

విటమిన్ ఇ క్యాప్సూల్స్. ఇది మన దగ్గర బాగా నాటుకుపోయిన నమ్మకం. మెడికల్ షాపులో మామూలుగా దొరికే ఆ పచ్చ క్యాప్సూల్స్‌లో ఉండేది టోకోఫెరిల్ అసిటేట్. విటమిన్ త్వరగా పాడవకుండా ఉండాలని దాని చురుకైన భాగానికి అసిటేట్ తొడుగు వేస్తారు. మన పేగుల్లోని ఎంజైములు ఆ తొడుగు తీస్తాయి, శరీరానికి పనికొస్తుంది. సీసాలోని నూనెలో ఆ తొడుగు తీసేవాళ్లు లేరు, కాబట్టి నూనెను అది కాపాడదు. సబ్బులోనేమో కాస్టిక్ ఆ తొడుగును ఎంతో కొంత తీసినా, బయటపడిన టోకోఫెరాల్ అదే క్షారంలో పాడైపోతుంది. నూనె నిల్వకు విటమిన్ ఇ కావాలంటే మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ అని కాస్మెటిక్ ముడిసరుకు అమ్మేవాళ్ల దగ్గర అడగాలి. కిలో నూనెకు అర గ్రాము నుంచి గ్రాము సరిపోతుంది. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, మోతాదు మించితే కొన్ని రకాలు తిరగబడి నూనెను చెడగొట్టే పక్షాన చేరతాయి.

సబ్బులో నిజంగా పనిచేసేవి వేరే ఉన్నాయి. లోహాలను పట్టి బంధించేవి ఒక రకం. వాటిలో చవకైనది, మీ వంటింట్లోనే ఉన్నది నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). కిలో నూనెకు 10 గ్రాములు తీసుకుని, కాస్టిక్ వేయకముందే నీళ్లలో కరిగించండి. అయితే అది ఆమ్లం, మీ కాస్టిక్‌లో కొంత తినేస్తుంది. మామూలుగా దొరికే పలుకుల రకం 10 గ్రాములకు కాస్టిక్ 5.7 గ్రాములు అదనంగా వేయాలి. వేయకపోతే అంత మేర మీకు తెలియకుండానే సూపర్‌ఫ్యాట్ పెరిగిపోతుంది, చెడకుండా వేసినది చెడడానికి సాయం చేస్తుంది. రెండూ కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది. బోరు నీళ్లతో స్నానం చేసేవాళ్లకు బకెట్ అంచున పట్టే తెల్ల మడ్డి తగ్గడం దీనివల్ల వచ్చే అదనపు లాభం. అమ్మకానికి చేసేవాళ్లు టెట్రాసోడియం ఇ.డి.టి.ఎ. వాడతారు, కిలోకు 5 గ్రాములు. పనిలో నిమ్మ ఉప్పు కంటే ఇది గట్టిది.

గొలుసు చర్యను ఆపేవి రెండో రకం. రోజ్‌మేరీ ఓలియోరెసిన్ సారం కిలో నూనెకు గ్రాము లోపు, అది కూడా నూనె కొన్న రోజే కలిపితే ఫలితం. ఆరు నెలలు అలమరలో ఉన్న నూనెలో సబ్బు చేసే రోజున వేస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. దీన్ని రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్‌తో కలగలిపేయకండి. ఆ రెండో దానిది వాసనే, కాపాడే గుణం దాదాపు లేదు. సహజం అన్న పట్టింపు లేనివాళ్లకు బి.హెచ్.టి. అనే కృత్రిమ యాంటీ ఆక్సిడెంట్ కిలోకు ఒక గ్రాము చాలు. నన్నడిగితే, రెసిపీ సరిచేసి నిమ్మ ఉప్పు వేసుకున్న ఇంటి సబ్బుకు ఇవేవీ తప్పనిసరి కాదు. సరిచేయని రెసిపీని ఇవేవీ రక్షించలేవు.

ఇప్పుడు మన దగ్గర దొరికే నూనెల గురించి కొంచెం. గానుగ నూనె అంటే ఎక్కువ కాలం ఉంటుందన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. సహజ రక్షకులు అందులో ఎక్కువే, కాని తేమ, పిండి మడ్డి, రంగు పదార్థాలు కూడా ఉంటాయి. గానుగ దగ్గర పట్టించుకున్న నూనెను కొన్ని రోజులు నీడలో తేరనిచ్చి, పైది మాత్రం వంపుకుని, అడుగు మడ్డిని వదిలేయండి. నువ్వుల నూనె ఒక వింత. లినోలిక్ 40 శాతం పైనే ఉన్నా సెసమాల్ వంటి సొంత రక్షకుల వల్ల సీసాలో చాలాకాలం నిలబడుతుంది. ఊరగాయలకు మనవాళ్లు దాన్ని ఎంచుకున్నది ఊరికే కాదు. సబ్బులో మాత్రం ఆ ధైర్యంతో సగానికి సగం పోయకండి, 10 నుంచి 15 శాతం చాలు. ఆముదం నిలవ ఉండే నూనె. వేప నూనెలో ఒలీయిక్ ఎక్కువ, సబ్బుకు మంచిదే, కానీ దాని సొంత వాసనే అంత ఘాటు కాబట్టి కనరు పట్టిందో లేదో ముక్కుతో కనిపెట్టడం కష్టం. కొన్న తేదీ రాసి పెట్టుకోండి. కుసుమ, అవిసె, ద్రాక్షగింజల నూనెలు సబ్బుకు దూరంగా ఉంచండి. బజ్జీలు వేయించిన నూనెతో సబ్బు చేయొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. అప్పటికే వేడికి ఆక్సీకరణ చెంది, చిక్కబడిన నూనె అది. వడకట్టి, కొబ్బరి నూనె బాగా కలిపి, సూపర్‌ఫ్యాట్ సున్నా నుంచి ఒక శాతం పెట్టి బట్టల సబ్బు చేసుకోండి, రెండు మూడు నెలల్లో వాడేయండి. ఒంటికి వద్దు.

ఆకులు నానబెట్టిన నూనెల గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. గుంటగలగర, గోరింటాకు, కరివేపాకు, వేపాకు గాజు సీసాలో నూనెలో వేసి నెల రోజులు ఎండలో పెట్టే వీడియోలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఆకుపచ్చదనం అంటే క్లోరోఫిల్. వెలుతురు పడినప్పుడు క్లోరోఫిల్ మామూలు ఆక్సిజన్‌ను మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది ద్విబంధాల మీద నేరుగా పడుతుంది, మామూలుగా ఉండే నిశ్శబ్ద కాలం కూడా ఉండదు. పచ్చి ఆకుల నీళ్లు అదనం. అంటే నూనెను చెడగొట్టడానికి కావలసినవన్నీ ఒకే సీసాలో పెట్టి ఎండలో ఉంచడమన్నమాట. మన అమ్మమ్మలు చేసే పద్ధతే మేలు. నూనెలో ఆకు ముద్ద వేసి సన్నసెగ మీద చిటపటలు ఆగేదాకా కాచి, చల్లార్చి, వడకట్టేవారు. చిటపట ఆగిందంటే నీళ్లన్నీ పోయినట్టే. లేదా ఆకులను నీడలో పూర్తిగా ఎండబెట్టి, వేడినీళ్ల గిన్నెలో నూనె సీసా ఉంచి రెండు మూడు గంటలు వెచ్చబెట్టండి. తర్వాత చీకటి అలమరలో పెట్టండి.

నిల్వలో ముఖ్యమైనది ఒకటి చెప్తాను: పాత నూనె అడుగున ఉన్న డబ్బాలో కొత్త నూనె పోయకండి. మన ఇళ్లలో నూనె క్యాన్ ఎప్పుడూ ఖాళీ అవ్వదు, అయిపోతుండగానే పైన నింపుతాం. అడుగున మిగిలిన దానిలోని పెరాక్సైడ్లు కొత్త నూనెలో గొలుసు చర్యను ముందుగానే మొదలుపెడతాయి. పాలలో తోడు వేసినట్టే. క్యాన్ ఖాళీ చేసి, సబ్బు నీళ్లతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి అప్పుడు నింపండి. స్టవ్ పైన అర వద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం ఇంచుమించు రెండింతలవుతుంది. చిన్న సీసాల్లో నిండుగా పోసి ఉంచితే గాలి తక్కువ.

సబ్బు చేసే ముందు ప్రతి నూనెనూ ఒక చెంచా గోరువెచ్చగా చేసి వాసన చూడండి, చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న వాసన వెచ్చగా చేస్తే బయటపడుతుంది. అనుమానం వస్తే పారేయండి. ల్యాబ్‌లో మేం పెరాక్సైడ్ విలువ చూసేవాళ్లం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో రిఫైన్డ్ నూనెలకు 10, గానుగ తరహా నూనెలకు 15 గరిష్ఠ పరిమితి. కాని ఆ ఒక్క అంకె చూసి సంబరపడకూడదు. బాగా ముదిరిన నూనెలో పెరాక్సైడ్లు విరిగిపోయి ఆ విలువ మళ్లీ తగ్గుతుంది. కాగితం మీద మంచి నూనె, ముక్కు దగ్గర పెడితే కంపు. అలాంటప్పుడు ముక్కునే నమ్మాలి.

మీ ఊరి వాతావరణానికి ఇంకో మాట. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టేటప్పుడు సబ్బుల మధ్య వేలెడంత ఎడం ఉంచి, ఎండ పడని గదిలో ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. వానాకాలం మొదలయ్యేలోపు ఆరిపోయేలా జనవరి, ఫిబ్రవరిల్లో చేయడం మంచి ఆలోచనే, ఆ విషయంలో మీ ఎంపిక సరైనది. పూర్తిగా ఆరాక ఒక్కో సబ్బును కాగితంలో చుట్టి అట్టపెట్టెలో ఉంచండి. ఆరకముందే ప్లాస్టిక్ కవరులో బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. శనగపిండి, మేకపాలు వేసే అలవాటుంటే వాటిలోనూ కొవ్వు ఉంటుందని గుర్తుంచుకుని సూపర్‌ఫ్యాట్ ఇంకో శాతం తగ్గించండి.

ఇప్పుడు చేతిలో ఉన్న సబ్బుల మాట. కరిగించి మళ్లీ పోయడం వద్దు. ఇప్పుడు ఒక మూల ఉన్న చెడును వేడి చేసి, కలిపి, మొత్తానికి సమంగా పంచినట్టవుతుంది. కొత్త రూపంలో నెల తిరక్కుండా అంతా మచ్చలే. సువాసన నూనె వేసి కప్పిపుచ్చడమూ అంతే. పైగా నిమ్మగడ్డి, నారింజ వంటి సువాసన నూనెలు ఆక్సీకరణ చెందితే కొందరికి చర్మం మీద ఎలర్జీ తెస్తాయి. మచ్చలున్నవీ లేనివీ వేరు చేయండి, కలిపి ఉంచవద్దు. చిన్న మచ్చలైతే చాకుతో చెక్కేసి, మిగతా భాగం వాసన లేకపోతే చేతులు కడుక్కోవడానికి పెట్టుకోండి. విషమేమీ కాదు, సబ్బుగా మురికి వదలగొడుతుంది. ముఖానికి, పసిపిల్లలకు, తామర ఉన్నవాళ్లకు మాత్రం వాడకండి. వాసన గట్టిగా ఉన్నవాటిని తురిమి గిన్నెలకో, గచ్చు కడగడానికో ఖర్చు చేయండి. మచ్చలు లేనివి ముందు వాడేయండి, అదే రెసిపీ కాబట్టి వాటి వంతూ వస్తుంది.

చుట్టాలకు, స్నేహితులకు ఇచ్చినవి ఉంటే ఒక ఫోన్ చేసి చెప్పండి. అమ్మే ఆలోచన ఉంటే ఈ బ్యాచ్‌ను అమ్మవద్దు. మన దేశంలో ఒంటి సబ్బు తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ నియమాలు, 2020 కింద రాష్ట్ర అధికారుల నుంచి లైసెన్సు కావాలి, ప్యాకింగ్ మీద తయారైన నెల, సంవత్సరం, ఎప్పటిలోపు వాడాలో వేయాలి. ఆ తేదీ వేయాలంటే ముందు మీ సబ్బు ఎన్నాళ్లు నిలబడుతుందో మీకు తెలియాలి. కొత్త రెసిపీతో చేసిన మొదటి బ్యాచ్‌లో రెండు సబ్బులు పక్కన పెట్టి, చేసిన తేదీ, ఏ నూనె ఏ రోజు కొన్నదో ఓ చీటీ మీద రాసి వాటికే అంటించి, వానాకాలం మొత్తం నెలకోసారి చూస్తూ ఉండండి. ఇంట్లో మిగిలిన సన్‌ఫ్లవర్ నూనె వాసన బాగుంటే వంటకు వాడేసుకోండి.